గడప దాకా వచ్చిన చట్టం

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. గ్రామ పంచాయతీ ఎన్నికల్లో వికలాంగులెవరూ గెలవకపోతే ఒకరిని నామినేట్ చేసి సభ్యుల సరసన కూర్చోబెట్టాలన్నది ఆ సవరణ సారాంశం. వికలాంగుల సమస్యలు ఇంకెవరో చెప్పేకన్నా వాళ్ళే వచ్చి చెప్పుకోవాలన్న ఆలోచన అందులో ఉంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా స్థానిక సంస్థల విషయంలో ఇలాంటి బిల్లులే ఆమోదించింది. మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిన పని ఇది. అయితే కుర్చీ కేటాయించడం ఒక ఎత్తు, ఆ కుర్చీ దాకా మనిషి చేరుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెంటికీ మధ్య ఒక భవనం ఉంటుంది. దానికి మెట్లుంటాయి, గడపలుంటాయి, ఇరుకు వసారా ఉంటుంది, తాళం వేసిన మరుగుదొడ్డి ఉంటుంది. సమావేశం నోటీసు అందుకుని చక్రాల కుర్చీలో వచ్చిన సభ్యుడు మూడు మెట్ల కింద ఆగిపోతే, శాసనసభ ఇచ్చిన హక్కును నలభై అయిదు సెంటీమీటర్ల సిమెంటు కట్టడం వెనక్కి లాక్కున్నట్టే. ఆ మూడు మెట్ల పక్కన ఒక ర్యాంపు పోసేస్తే పని అయిపోతుందని మన కార్యాలయాలు చాలాకాలంగా నమ్ముతున్నాయి. ర్యాంపు ఉందా లేదా అని లెక్కపెట్టినంత కాలం ఈ సమస్య తీరదు. రోడ్డు మీద దిగిన మనిషి పని ముగించుకుని తిరిగి రోడ్డెక్కే దాకా దారి ఎక్కడా తెగకుండా ఉందా అన్నదే లెక్క కావాలి. అలా ఎందుకనాలో భౌతికశాస్త్రమూ చెబుతుంది, మన శరీరాలూ చెబుతాయి.

ఈ విషయాన్ని రాయ్‌పూర్‌లో నిలబడి ఆలోచించడం తేలిక. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాజధాని అయిన ఈ ఊళ్ళో రెండు కాలాల ప్రభుత్వ భవనాలు కళ్ళెదుటే కనిపిస్తాయి. పాత ఊళ్ళో పంతొమ్మిదో శతాబ్ది చివర కట్టిన టౌన్ హాల్, కలెక్టరేటు ఆవరణ, 70 వార్డులకూ 10 జోన్లకూ పరచుకున్న నగర నిగమ్ కార్యాలయాలు ఉన్నాయి. కొంత దూరంలో, ఖాళీ నేల మీద గీతలు గీసి మరీ కట్టుకున్న నవ రాయ్‌పూర్‌లో సచివాలయం నడిచే మహానది భవన్, శాఖాధిపతుల ఇంద్రావతి భవన్ ఉన్నాయి. 2015 డిసెంబరు 3న మొదలైన సుగమ్య భారత్ అభియాన్, ప్రతి రాష్ట్ర రాజధానిలోని ప్రభుత్వ భవనాల్లో సగాన్ని వికలాంగులకు పూర్తిగా అందుబాటులోకి తేవాలని గడువు పెట్టింది. మొదటి గడువు 2018. అది జరిగి జరిగి 2022 జూన్‌కు చేరింది. ఈలోగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని 45వ సెక్షన్, నియమాలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్ళలో దేశంలోని ప్రజా భవనాలన్నీ మారాలంది. నియమాలు వెలువడింది 2017 జూన్‌లో. కాబట్టి ఆ గడువు కూడా 2022 జూన్‌తోనే ముగిసింది. రైల్వేల కోసమో, పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారం కోసమో తరాల కిందట వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలానే ఉన్నాయి కనుక, ఇది మనవాళ్ళ గడప విషయం కూడా.

ముందు ర్యాంపు సంగతే చూద్దాం. ప్రమాణాలు చెప్పే వాలు పన్నెండుకు ఒకటి. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. ఇది ఎవరో బల్ల ముందు కూర్చుని ఊహించిన అంకె కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తిమోతీ న్యూజెంట్ నాయకత్వంలో, అక్కడ చదువుకుంటున్న వికలాంగ విద్యార్థులతో పరీక్షలు జరిపి చూశారు. వాటి ఫలితంగా 1961లో వెలువడిన జాతీయ ప్రమాణంలో ఈ వాలు చోటు చేసుకుంది. దాని వెనకున్న లెక్క బడిలో నేర్చుకున్న వాలుతలం లెక్కే. 70 కిలోల మనిషి, 20 కిలోల కుర్చీ, కలిపి 90 కిలోలు. పన్నెండుకు ఒకటి వాలు మీద ఆ బరువు ఏడున్నర కిలోల బలంతో కిందికి లాగుతుంది. రెండు చేతులకు అది మోయగలిగిన భారమే. వాలు ఆరుకు ఒకటి అయితే దాదాపు 15 కిలోలు, నాలుగుకు ఒకటి అయితే 22 కిలోలకు చేరువ. పైగా చేతులు చక్రాన్ని ఆపకుండా తోయవు. అంచు పట్టుకుని తోస్తాయి, వదులుతాయి, వెనక్కి వచ్చి మళ్ళీ పట్టుకుంటాయి. ఆ వదిలిన క్షణంలో కుర్చీ వెనక్కి జారుతుంది. వాలు ఎక్కువైనకొద్దీ ఆ క్షణంలో పోయేది, తోసి సంపాదించిన దానికన్నా ఎక్కువవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి గరిమనాభి వెనక చక్రాల ఇరుసుకు కొద్దిగానే ముందుంటుంది. వాలు పెరిగితే అది ఇరుసు దాటి వెనక్కి పోతుంది, మనిషి వెల్లకిలా పడతాడు. చూడటానికి ర్యాంపులాగే ఉండి, మెట్లకన్నా ప్రమాదకరమైన కట్టడం అప్పుడు తయారవుతుంది. మెట్ల దగ్గర మనిషి కనీసం ఆగిపోతాడు.

నిటారు ర్యాంపులు ఎందుకు వస్తాయంటే, కారణం చాలాసార్లు స్థలమే. మేస్త్రీలు బేస్‌మెంట్ అని పిలిచే పునాది ఎత్తు మూడు అడుగులుంటే, ర్యాంపుకు 36 అడుగుల పొడవు కావాలి. ప్రతి తొమ్మిది మీటర్లకూ ఊపిరి తీసుకునేందుకు చదునైన ల్యాండింగ్ కావాలి. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి మీటరున్నర చోటు కావాలి. అంత జాగా లేదని ఉన్న జాగాలోనే ఇరికించి పోసేస్తారు. రిజిస్టరులో ర్యాంపు ఉందని రాసుకుంటారు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుంటారు. ఫొటోలో వాలు కనబడదు. సెల్‌ఫోన్‌లో ఉండే మట్టం చూపే యాప్‌ను ర్యాంపు మీద పెడితే చాలు, అది అయిదు డిగ్రీల లోపు చూపించాలి. తొమ్మిదో పదో చూపిస్తే ఆ ర్యాంపు ఎవరి కోసమో కట్టింది కాదు, రిజిస్టరు కోసం కట్టింది.

రాయ్‌పూర్‌కు ప్రత్యేకమైన మరో సంగతి ఉంది, అది జాతీయ ప్రమాణాల పట్టికల్లోని కొలతల కన్నా స్థానిక ఇంజనీరుకు బాగా తెలియాలి. మే నెలలో అక్కడ ఎండ 44, 45 డిగ్రీలను తాకుతుంది. వెన్నుపాము పై భాగంలో దెబ్బ తగిలినవాళ్ళకు, దెబ్బకు దిగువ ఉన్న చర్మం సరిగా చెమట పట్టదు. చెమట పట్టించమని మెదడు పంపే కబురు ఆ తెగిన చోట ఆగిపోతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది కనుక, మామూలు మనిషి చిరాకుపడి ఊరుకునే ఎండలో వాళ్ళ శరీరం ప్రమాదకరంగా వేడెక్కుతుంది. అదే శరీరాన్ని 36 అడుగుల ర్యాంపు మీద, నీడ లేకుండా, చేతులతో శ్రమ చేయిస్తూ ఎక్కించమంటున్నాం. పక్కన పట్టుకోవడానికి మెరిసే స్టీలు కమ్మీ. ఎండకు కాగిన కర్రా, ఎండకు కాగిన స్టీలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా చేతిని కాల్చేది స్టీలే, ఎందుకంటే లోహం తన వేడిని చర్మంలోకి చకచకా పంపేస్తుంది. ఇక జూన్ మూడో వారం దాటి వాన పడితే, నున్నగా పాలిష్ పట్టిన గ్రానైటు ర్యాంపు మీద చంకకర్ర మొన నిలవదు. కాబట్టి ఛత్తీస్‌గఢ్‌లోనూ, ఆ మాటకొస్తే రామగుండంలోనూ రెంటచింతలలోనూ, ర్యాంపు మీద కప్పు వేయడం అలంకారం కాదు. గరుకు రాయి, ప్లాస్టిక్ తొడుగున్న కమ్మీ, నీడ ఇవన్నీ వాలంత ముఖ్యమైన కొలతలే.

సరే, ర్యాంపు సవ్యంగా ఉంది, మనిషి పైకి వచ్చాడనుకుందాం. ఇప్పుడు గడప. గడపకు మన ఇళ్ళలో పసుపు రాస్తాం, దాటేటప్పుడు తొక్కకుండా చూసుకుంటాం. ప్రభుత్వ కార్యాలయాల తలుపులకు కూడా ఆ అలవాటే వచ్చి చేరింది, ఒక అంగుళం ఎత్తు రాతి పట్టీ రూపంలో. నడిచేవాళ్ళ కంటికి అది ఆనదు. చక్రాల కుర్చీకి ముందున్న చిన్న చక్రాలకు అది గోడ. చక్రం ఒక అడ్డంకిని ఎక్కాలంటే దాని వ్యాసార్థంతో పోల్చి ఆ అడ్డంకి ఎంత ఎత్తుందన్నదే కీలకం. పదిహేను సెంటీమీటర్ల వ్యాసమున్న ముందు చక్రం రెండున్నర సెంటీమీటర్ల గడప ఎక్కాలంటే, ఆ చక్రం మీద పడే బరువుకన్నా ఎక్కువ బలంతో ముందుకు తోయాలి. అరవై సెంటీమీటర్ల వ్యాసమున్న వెనక చక్రానికి అదే గడప దగ్గర తన మీది బరువులో సగంకన్నా తక్కువ బలం సరిపోతుంది. ఎద్దుబండి చక్రం పెద్దదిగా ఎందుకుంటుందో తెలిసిన రైతుకు ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. గడప తీసేయడానికి అయ్యే ఖర్చు ఒక మేస్త్రీ అరపూట కూలి. అయినా ఎన్నో ఆఫీసుల్లో ర్యాంపు కట్టి గడప వదిలేస్తారు, ఎందుకంటే తనిఖీ కాగితంలో ర్యాంపుకు గడి ఉంటుంది, గడపకు ఉండదు.

ఇక్కడే నా వాదన అసలు రూపం తేలుతుంది. ఒక మనిషి కార్యాలయంలో పని చేయించుకోవాలంటే దాటాల్సినవి కనీసం ఏడు ఉంటాయి: రోడ్డు నుంచి గేటు, గేటు నుంచి ర్యాంపు, ర్యాంపు, తలుపు, వరండా లేదా లిఫ్టు, కౌంటరు, మరుగుదొడ్డి. ఒక్కొక్కటీ తొంభై శాతం భవనాల్లో సవ్యంగా ఉందనుకోండి. ప్రతి శాఖా తన నివేదికలో తొంభై శాతం సాధించామని రాసుకుంటుంది. కానీ ఏడూ ఒకేచోట సవ్యంగా ఉండే అవకాశం కావాలంటే వీటిని కూడకూడదు, గుణించాలి. తొంభైని ఏడుసార్లు గుణిస్తే వచ్చేది నలభై ఎనిమిది శాతం. ఈ ఏడూ ఒకదానితో ఒకటి పూర్తిగా సంబంధం లేనివేమీ కావు కనుక అసలు అంకె కొంత అటూ ఇటూ ఉండొచ్చు, దారి మాత్రం ఇదే. విడివిడిగా చూస్తే తొంభై, కలిపి చూస్తే సగం. బావి తాడు ఒక్కచోట తెగినా నీళ్ళు పైకి రానట్టు, గొలుసులో ఒక లంకె లేకపోతే మిగతా ఆరింటికి పెట్టిన డబ్బు కూడా వృథా. అంధుల కోసం వేసే పసుపు పలకల్లో ఇది ఇంకా స్పష్టం. 1965లో జపాన్‌కు చెందిన సేయిచీ మియాకే వాటిని కనిపెట్టారు. 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి వేశారు. పొడుగు గీతల పలక 'ఇటు సాగు' అంటుంది, గుండ్రటి బుడిపెల పలక 'ఆగు, ముందు ఏదో ఉంది' అంటుంది. అది పాదాలతో చదివే లిపి. గీతల వరస తిన్నగా వెళ్ళి స్తంభానికో, పూలకుండీకో ఆనితే అది వాక్యం మధ్యలో అబద్ధం చెప్పినట్టు. ఆ పలకలు అసలే లేని చోట చేతికర్రను నమ్ముకుని జాగ్రత్తగా నడిచే మనిషి, అవి ఉన్నచోట వాటిని నమ్మి దెబ్బ తింటాడు. వినికిడి లేనివాళ్ళకు ర్యాంపుతో పనే లేదు. కౌంటరు దగ్గర పేరు పిలిచినప్పుడు తెర మీద నంబరు కనబడితే చాలు, కానీ అది లేక వాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు.

ఇంత తెలిసినా ఎందుకు జరగలేదంటే, కారణం చట్టం భాషలో కొంత ఉంది. 1995 నాటి మొదటి చట్టం ఈ సౌకర్యాలన్నిటినీ ప్రభుత్వాల ఆర్థిక స్తోమత పరిధిలో కల్పించాలంది. స్తోమత లేదని చెప్పడానికి ఏ శాఖకూ ఎక్కువ కష్టపడనక్కర్లేదు. 2016 చట్టం ఆ తలుపు మూసింది, గడువులు పెట్టింది, ప్రమాణాలు పాటించని కట్టడానికి పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదని 44వ సెక్షన్‌లో రాసింది. కానీ 2017 నియమాల్లోని 15వ నియమం, పాటించాల్సిన ప్రమాణాలుగా మార్గదర్శకాల పుస్తకాలను చూపించింది. ఆ పుస్తకాల భాష చాలాచోట్ల 'చేయాలి' అనదు, 'చేస్తే మంచిది' అంటుంది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. అమలు ఎంతవరకు వచ్చిందో చూడమని తర్వాత హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ కేంద్రం ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకునే 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. 15వ నియమం మాతృచట్టానికే విరుద్ధమనీ, తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించాలనీ కోర్టు చెప్పింది. అందులో నాకు చాలా విలువైనదిగా తోచే విషయం ఒకటుంది. ఒక ఉద్యోగి వచ్చి అడిగాక అతని బల్ల ఎత్తు మార్చడం ఒకటి, ఎవరూ అడగకముందే భవనాన్ని అందరికీ తగ్గట్టు ఉంచడం మరొకటి, ఒకటి ఇంకొకదానికి బదులు కాదని ఆ తీర్పు విడదీసి చూపింది. 'మీరు వస్తే చూస్తాం' అనే మాటకు ఇక చోటు లేదు.

ఇందుకు వచ్చే అభ్యంతరాల్లో ఎక్కువగా వినబడేది, ఆఫీసుకు వికలాంగులు వచ్చేదే తక్కువ కదా అన్నది. వంతెన లేని ఏట్లో ఈదేవాళ్ళను లెక్కపెట్టి వంతెన అవసరమా కాదా తేల్చలేం. 2011 జనగణన ఛత్తీస్‌గఢ్‌లో 6 లక్షల 24 వేలకు పైగా వికలాంగులున్నారని లెక్కగట్టింది. దేశం మొత్తం మీద 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. అప్పుడు లెక్కించింది ఎనిమిది రకాలుగానే. 2016 చట్టం గుర్తించినవి 21. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వీళ్ళకు తోడు మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, కాలికి పిండికట్టు వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చే ముసలివాళ్ళలో ఎంతమంది మెట్ల పక్క గోడను పట్టుకుని ఎక్కుతారో ఏ ట్రెజరీ ఆఫీసు ముందైనా ఒక ఉదయం నిలబడితే తెలుస్తుంది.

ఖర్చు గురించిన అభ్యంతరం సగం నిజం. కొత్త భవనానికి గీతల దశలోనే ఈ ఏర్పాట్లు చేరిస్తే, నిర్మాణ వ్యయంలో అదనంగా పడేది ఒక శాతం దగ్గరే ఉంటుందన్నది ప్రపంచంలో తరచూ ఉదహరించే అంచనా. కట్టాక పగలగొట్టి మార్చడం మాత్రం నిజంగానే ఖరీదైన వ్యవహారం. అందుకే నవ రాయ్‌పూర్ లాంటి చోట, ఖాళీ నేల మీద కట్టే భవనానికి ఈ సాకు వర్తించదు. పాత ఊరి సంగతి వేరు. టౌన్ హాల్ లాంటి కట్టడం ముఖద్వారం మీద 36 అడుగుల కాంక్రీటు పోయమని నేను కూడా అనను. కానీ పక్క ద్వారానికి ఇనుప చట్రంతో విప్పి తీయగలిగే ర్యాంపు పెట్టవచ్చు. జాగా బొత్తిగా లేనిచోట మనిషిని కుర్చీతో సహా మీటరు ఎత్తు లేపే చిన్న ప్లాట్‌ఫాం లిఫ్టు పెట్టవచ్చు, కరెంటు పోయినా దిగే ఏర్పాటుతో. ఇవేవీ కుదరకపోతే జనంతో పనిపడే సెక్షన్లను పై అంతస్తు నుంచి కిందికి దించవచ్చు. ఆ చివరి పనికి టెండరు కూడా అక్కర్లేదు, ఆఫీసు ఉత్తర్వు చాలు. ఫైళ్ళు పైన ఉండొచ్చు, కాగితాలకు మోకాళ్ళ నొప్పులుండవు.

నలుగురం ఉన్నాం, ఎత్తి తీసుకెళ్తాం అనే మాట మంచి మనసుతోనే వస్తుంది. బ్యాటరీతో నడిచే కుర్చీ మనిషితో కలిపి నూటయాభై కిలోలు దాటవచ్చు, మెట్ల మీద ఒక్కరి కాలు జారితే అయిదుగురికి దెబ్బలు. దానికన్నా ముందు చూడాల్సింది ఇది: తన ఊరి పంచాయతీ సమావేశానికి వచ్చిన సభ్యురాలిని ప్రతిసారీ పరాయి మగవాళ్ళు చేతుల మీద మోయాలా? ఇక అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా అన్నదానికి 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టే జవాబిచ్చింది. రెప్ప వేసి ఫొటో దిగమనే ఈ-కేవైసీ, యాసిడ్ దాడిలో కళ్ళు, ముఖం దెబ్బతిన్నవాళ్ళకూ చూపులేనివాళ్ళకూ గోడగా మారిందని గుర్తించి, డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమే అంది. అంటే తెర మీద కూడా మెట్లున్నాయి. పైగా వైకల్య సర్టిఫికెట్ కోసం వైద్యబోర్డు ముందుకు మనిషే రావాలి. ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ మీద వచ్చిన ఉద్యోగి రోజూ అదే భవనానికి రావాలి.

ఆ ఉద్యోగి, ఆ పంచాయతీ సభ్యురాలు, ఆ పింఛనుదారు అందరూ ఎక్కువగా మౌనంగా భరించే చోటు మరుగుదొడ్డి. చక్రాల కుర్చీ బొమ్మ అతికించిన తలుపు ఉంటుంది, లోపల చీపుళ్ళు, పాత కుర్చీలు, ఫినాయిలు డబ్బాలు ఉంటాయి. లేదా తలుపు లోపలికి తెరుచుకుని, కుర్చీ లోపలికి వెళ్ళాక మూసుకోదు. దీనికి జనం కనిపెట్టుకున్న ఉపాయం ఆ రోజు నీళ్ళు తాగకుండా రావడం. వెన్ను దెబ్బతిన్నవాళ్ళలో మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లు ఎలాగూ ఎక్కువ. చెమట పట్టని ఒంటితో, 45 డిగ్రీల ఎండలో, నీళ్ళు తాగకుండా ఆఫీసుకు రావడమంటే ఏమిటో వైద్యులెవరినడిగినా చెబుతారు. రాయ్‌పూర్‌లోని పది జోన్ కార్యాలయాల్లో ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద కమిటీ అవసరం లేదు. ఒక పనిరోజున చక్రాల కుర్చీ వాడే ఒకరిని, చూపులేని ఒకరిని, వినికిడి లేని ఒకరిని సంకేత భాష తెలిసినవారితో సహా పిలవాలి. గౌరవ వేతనం ఇచ్చి పిలవాలి. జోన్ ఇంజనీరు టేపు, సుద్దముక్క పట్టుకుని వాళ్ళ వెనకే, రోడ్డు నుంచి కౌంటరు దాకా, కౌంటరు నుంచి మరుగుదొడ్డి దాకా నడవాలి. వాళ్ళు ఆగిన ప్రతిచోటా నేల మీద గీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేయాలి.